ఆరవ ఆజ్ఞకు లేచి నిలబడ్డవాళ్ళు

ఎల్స్‌వేన్,
1906 మార్చి, బుధవారం.

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు లుబ్బర్ట్‌కు,

నీ పెద్దక్క గెసీనా దీవించి రాస్తున్నది. దేవుని కృప వల్ల మన యన్నా, ఆమె మొగుడు బార్టుస్, వాళ్ళ పిల్లలు, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. జావాలో ఆ సెమరాంగ్ ఎండల్లో నువ్వు కూడా బాగానే ఉన్నావని తలుస్తాను. నీ పేరు లేకుండా నా ప్రార్థన ఏ రోజూ ముగియదు.

నీ ఉత్తరం క్రిస్మస్ వెళ్ళాక అందింది. జవాబు ఆలస్యమైంది. ఏం రాయాలో తెలియక కాదు. ముందు ప్రార్థించి, తర్వాత రాద్దామనుకున్నాను. ప్రార్థన పొడుగైంది.

నువ్వు అడిగినవాటికి చెబుతాను. లవంగాల డబ్బా చేరింది. మూత తీస్తే ఇల్లంతా నీ దేశపు వాసన వేసింది. "నీ దేశం" అని రాశాను చూడు, అలవాటైపోయింది. అద్దకం గుడ్డను యన్నా వీధి కిటికీకి కట్టింది. అటుగా వెళ్ళిన ప్రతి ఆడదీ ఆగి చూసింది. ఆవు ఈనింది, పెయ్య. ఈ ఏడు పొయ్యిలోకి కోసిన పీట్ మట్టిగడ్డలు సరిగ్గా ఆరలేదు, పొయ్యి పొగచూరుతోంది. అమ్మ సమాధి రాయి మీద పాచి గీకించాను. నా కళ్ళు కొంచెం మసకబారాయి. ఊళ్ళో ఆడవాళ్ళ టోపీలకు గంజి పెట్టి మడతలు వెయ్యడానికి కళ్ళు అక్కర్లేదు, వేళ్ళకే తెలుసు.

వేసవిలో సెలవు మీద వస్తున్నానని, పతకం సంగతి ఊళ్ళో తెలిసిందా అని అడిగావు. తెలిసింది. స్టేషను నుంచి బాజాలు పెట్టించి తీసుకొస్తామని మేయరు గారు అన్నారు. బడిపిల్లలు నారింజ రంగు రిబ్బన్లు కట్టుకుంటారట. బార్టుస్ బాకా ఊదుతాడు. "మా బావమరిది ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే నా బాకా ఒక్కో స్వరం ఎక్కాలి వదినా" అన్నాడు. యన్నా పొయ్యి దగ్గర నుంచే అంది: "మీ ఊపిరంతా సారా కొట్లోనే వదిలేసి వస్తున్నారు. బాకాలోకి ఏం ఊదుతారు, నా తలకాయా?"

ఇవన్నీ నీ ప్రశ్నలకు జవాబులు. చివర్న, కాగితం మడిచే చోట, చిన్న అక్షరాలతో ఇంకొకటి రాశావు. "అన్న ఆ మాటలు మానేశాడా?" దానికి జవాబు పొడుగు. కూర్చుని చదువు.

ఎవర్ట్ గురించి నీకు చాలామంది ముక్కలు ముక్కలుగా రాసే ఉంటారు. నేను మొదటి నుంచి రాస్తాను. హార్డర్‌వైక్ డిపోలో మీరిద్దరూ కలిసి ఇండీస్ సైన్యంలో చేరారు. వాడు ఒక్కడే తిరిగొచ్చాడు, పోయిన ఏడాదికి ముందటి శరత్తులో. చిక్కిపోయి ఉన్నాడు కాని తిన్నాడు, పడుకున్నాడు, గంజి తొట్టి ఎత్తిపెట్టాడు. మాట తక్కువ. మన ఇంట్లో అదేం వింత కాదు.

ఈస్టరు ముందు ప్రభు భోజనానికి సిద్ధపాటు ఆదివారం వచ్చింది. ఆ రోజు మన గుళ్ళో ఏం జరుగుతుందో నువ్వు మరిచిపోయి ఉండవు. పెళ్ళికి ముందే కడుపుతో ఉన్న జంటలు లేచి నిలబడతారు. "ఏడవ ఆజ్ఞ మీరాం, సంఘం క్షమించాలి" అంటారు. పాస్టరు గారు ప్రార్థిస్తారు, సంఘం క్షమిస్తుంది, తర్వాతి నెలలో ఉయ్యాల కొంటారు. యన్నా, బార్టుస్ కూడా అలా నిలబడ్డవాళ్ళే. ఎన్నేళ్ళుగా చూస్తున్నామో. ఏడవ ఆజ్ఞకు తప్ప వేరే దానికి ఎవరూ నిలబడగా నేను చూడలేదు.

ఆ ఆదివారం ఎవర్ట్ లేచి నిలబడ్డాడు. ఒక్కడే. నోట్లో పిప్పరమెంటు బిళ్ళలు చప్పరిస్తున్న ఆడవాళ్ళంతా తలలు తిప్పి ఆడపిల్లల బెంచీ వైపు చూశారు. సంఘపెద్ద రూలోఫ్ గారి భార్య నా చెవిలో, "ఎవరి పిల్లే? మా వీధిదా?" అని అడిగింది. నేనూ వెతికాను తమ్ముడూ. దేవుడు క్షమించాలి, నేనూ ఆ బెంచీ వైపే చూశాను.

"ఆరవ ఆజ్ఞ మీరాను," అన్నాడు ఎవర్ట్. "ఇండీస్‌లో, అచే కొండల్లో ఒక ఊరిలో. వెదురు కంచె వెనక జనం ఉన్నారు. మేం కంచె మీదికి ఎక్కి లోపలికి కాల్చాం. ఆడవాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని పిల్లల్ని ముందు పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళనీ కాల్చాం. మధ్యాహ్నం అక్కడే కూర్చుని అన్నం తిన్నాం. సంఘం క్షమించాలి."

బిళ్ళలు చప్పరించే చప్పుడు ఆగిపోయింది. పాస్టరు గారు పీఠం దిగి వచ్చి, వాడి భుజం మీద చెయ్యి వేసి, "కూర్చో ఎవర్ట్" అన్నారు. వాడు కూర్చోలేదు. "ప్రార్థన చెయ్యరా?" అని అడిగాడు. "నాక్కూడా చెయ్యండి. అప్పట్లో మా యన్నాకి చేశారు కదా." ఒకరిద్దరు నవ్వారు. నవ్వినవాళ్ళని నేను తప్పు పట్టను. ఏం చెయ్యాలో తెలియనప్పుడు జనం నవ్వుతారు.

మర్నాడు రూలోఫ్ బాబాయి మన ఇంటికి వచ్చాడు. కాఫీ పోశాను. "అమ్మాయ్ గెసీనా, రాత్రంతా మాట్లాడుకున్నాం. రాణిగారి చేతి కత్తి దేవుడిచ్చిందే. సిపాయి యుద్ధంలో చేసింది పాపం కాదు. పాపం కానిదానికి ఒప్పుకోలు లేదు. చెయ్యని పాపం ఒప్పుకునేవాడికి కావలసింది పాస్టరు కాదు, డాక్టరు" అన్నాడు. ఇందులో తప్పెక్కడుందో వెతుకుతూ కూర్చున్నాను. నాకు దొరికే లోపల ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఊళ్ళో అందరూ ఎండ అన్నారు. ఇండీస్ నుంచి వచ్చినవాడు తాగినా ఎండే, ఏడ్చినా ఎండే, పెళ్ళాన్ని కొట్టినా ఎండే. మన దగ్గర అంత ఎండ ఎవరూ చూడలేదు కాబట్టి దాని నెత్తిన ఏది వేసినా మోస్తుంది.

అలా వాడు ఆసుపత్రికి చేరాడు. పైన్ చెట్ల వెనక ఎర్ర ఇటుక భవనం. మీ సైన్యం నుంచి, మీ తోటల నుంచి, మీ కచేరీల నుంచి తలచెడి తిరిగివచ్చినవాళ్ళకు అక్కడ విడిగా ఒక వార్డు ఉంది, ప్రభుత్వం పోషిస్తుంది. మిగతా రోగులు దాన్ని జావా అంటారు. నేను మొదటిసారి గేటు దగ్గర వాడి పేరు చెబితే, కాపలా మనిషి "ఓ, జావాలో ఉన్నాడా" అని దారి చూపించాడు. ఓడ ఎక్కకుండానే వెళ్ళాను.

ఆ వార్డును చూసుకునే మనిషి ఫొక్కె అని ఫ్రీస్లాండ్ వాడు, తలుపంత వెడల్పు. ఎదురుచూసేటప్పుడు నాకు పాత సంగతులు చెప్పేవాడు. "ఇదివరకు వీళ్ళకి ఈ మంచాలు కూడా లేవు అక్కగారూ. ఓడలో గొలుసులేసి తెచ్చేవారు. సముద్రగాలికే నయమవుతుందని పెద్ద డాక్టర్ల నమ్మకం. కొందరికి నయమయ్యేది. కొందరు దూకేసేవారు. రేవు చేరేసరికి అందరూ నెమ్మదించారని రాసుకునేవారు. దూకినవాళ్ళు మరీ నెమ్మదించారు."

ఆ వార్డులో ఫాన్ ఎప్పెన్ దొరగారని ఒక పెద్దాయన ఉండేవాడు. జీవితమంతా ఏదో జిల్లాకు అధికారిగా చేశాడు. ఆయన లెక్కన ఇంకా అక్కడే ఉన్నాడు. మధ్యాహ్నం వరండాలో నడిచేటప్పుడు ఫొక్కె ఆయన వెనక గొడుగు పట్టుకు నడవాలి, కప్పు కింద. లేకపోతే అన్నం ముట్టడు. ఎవర్ట్‌ను చూడగానే కేకలేసేవాడు: "ఒరేయ్, కాఫీ తోటకి ఇప్పుడా రావడం? ఎండ నడినెత్తికొచ్చింది! నీ ఊరి పెద్దని కట్టేయిస్తాను!" ఎవర్ట్ లేచి, "తప్పైంది దొరగారూ, క్షమించండి" అనేవాడు. "క్షమిస్తే మీరు పనిచేస్తారా!" అని ఆయన సాగిపోయేవాడు. "ఈ భవనంలో నన్ను నేరస్థుణ్ణని ఒప్పుకునేవాడు ఆయనొక్కడే అక్కా" అన్నాడు ఎవర్ట్. వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

డాక్టరు గారు మంచి మనిషి. ఆ మాట ముందే రాస్తున్నాను, మిగతాది చదివేటప్పుడు మరిచిపోకు. ఎవర్ట్‌ను కొట్టనివ్వలేదు, కట్టనివ్వలేదు. వాడికి తోటలో పని ఇచ్చారు. నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి చెప్పారు: "మీ తమ్ముడు పొద్దున్నే లేచి ఆ కథంతా మొదటి నుంచి చివరిదాకా చెబుతాడు. ఎప్పుడూ ఒక్కలాగే. మేం దీన్ని పాపభ్రమ అంటాం. చెయ్యని పాపాన్ని మనసు తన మీద వేసుకుంటుంది."

"చేసి ఉంటే?" అని అడిగాను.

ఆయన టీ కప్పు కింద పెట్టారు. "మన సైన్యం ఆడవాళ్ళనీ పిల్లల్నీ కాల్చదు కదండీ. అయినా మీరు అడిగారు కాబట్టి చెబుతాను. అక్కడ ఉన్నవాళ్ళెవరైనా అది జరిగిందని చెబితే, అప్పుడది భ్రమ కాదు, దుఃఖం. దుఃఖాన్ని నేను ఇంటికి పంపించగలను. భ్రమను పంపించలేను." తర్వాత, "ఆయన దళంలోనే మీ చిన్న తమ్ముడు సార్జెంటుగా ఉన్నారట కదా. ఆయనకు రాస్తాను" అన్నారు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంటికి వచ్చి మోకాళ్ళ మీద పడి స్తోత్రం చెప్పాను. నా ఇద్దరు తమ్ముళ్ళలో ఒకడు రెండోవాడిని బయటికి తెస్తాడు అనుకున్నాను. ఎవర్ట్ మంచం మీద దుప్పటి కూడా మార్చాను.

నీ జవాబును డాక్టరు గారే నాకు చదివి వినిపించారు. "అటువంటిదేమీ జరగలేదు. ఊరు లొంగిపోయింది. యుద్ధంలో పోయినట్టు కొందరు పోయారు. మా అన్నకు అప్పటికే తీవ్రమైన జ్వరం. ఆయన్ను ఎక్కువకాలం ఉంచి చికిత్స చెయ్యవలసిందిగా మనవి." నీ అక్షరాలు ఎంత తిన్నగా ఉన్నాయో. పలక మీద నీ చెయ్యి పట్టుకుని దిద్దించింది నేనే.

ఆ రోజు ఎవర్ట్ పెరట్లో బంగాళాదుంపల తొక్క తీస్తున్నాడు. నేనూ ఒక కత్తి తీసుకుని పక్కన కూర్చున్నాను. నీ జవాబు సంగతి చెప్పలేదు. "నాకు కూడా ఒకసారి చెప్పు. నేను మధ్యలో ఆపను" అన్నాను. చెప్పాడు. గుళ్ళో చెప్పినదే, ఇంకా చాలా. అవి నీకు రాయను, నీకు తెలుసు. చివర్న అడిగాను: "కాల్చమని చెప్పిందెవరు?"

వాడు ఇంకో దుంప అందుకున్నాడు. డాక్టరు గారు కూడా ఈ ప్రశ్న చాలాసార్లు అడిగారట. ఆ ఒక్కచోటే వాడు నోరు మూసేస్తాడు. కథలో కీలకమైన మనిషే లేడు కాబట్టి కథ కల్పితమని ఆయన నిర్ణయానికి వచ్చారు.

"లుబ్బర్టా?" అన్నాను.

కత్తి ఆగింది.

"వాడి పేరెత్తకు అక్కా. వాడు బయట ఉన్నాడు. ఒక్కడైనా బయట ఉండనీ. అమ్మ పోయేనాటికి వాడికి బూటు కట్టుకోవడం రాదు, నేనే కట్టేవాణ్ణి. పసివాడు."

"ఆ పసివాడే చెప్పాడా?"

"పసివాడు కాదు, సార్జెంటు చెప్పాడు," అన్నాడు ఎవర్ట్. మళ్ళీ తొక్క తియ్యడం మొదలుపెట్టాడు.

చూశావా లుబ్బర్ట్. నువ్వు వాడిని పిచ్చివాడని రాసిన రోజున కూడా వాడు నిన్ను దాచే పనిలోనే ఉన్నాడు. దాచినందువల్లే వాడి మాట ఎవరూ నమ్మలేదు.

అక్టోబరులో ఫాన్ ఎప్పెన్ దొరగారిని కూతురు వచ్చి తీసుకెళ్ళింది. బండి ఎక్కేటప్పుడు కూడా ఆయన బండివాడిని జావా భాషలో ఏదో తిట్టాడు. కూతురు గొడుగు పట్టింది. "ఆయనకు నయమైందా?" అని అడిగాను. "లేదు. కాని ఎవరినీ ఇబ్బంది పెట్టడు" అన్నారు డాక్టరు గారు. అప్పుడే నాతో ఒక మాట కూడా అన్నారు. ఎవర్ట్ తన నోటితో అదంతా జ్వరమని ఒప్పుకుంటే, చలికాలంలోపే పంపించేస్తానని.

ఆ మాట నేనే వాడికి చేరవేశాను. చెప్పమని అనలేదు, చెప్పొద్దనీ అనలేదు. వాడు నా చేతుల వైపు చూశాడు. గంజి నీళ్ళకు పగిలి ఉన్నాయి. "తొట్టి ఎవరెత్తుతున్నారు?" అన్నాడు. "నేనే." "సరే," అన్నాడు.

డాక్టరు గారి బల్ల ముందు నిలబడి వాడు చెప్పాడు: "అది జ్వరమండీ. ఊరు లేదు. కంచె లేదు. తెల్లబట్టల ఆడవాళ్ళు లేరు." డాక్టరు గారికి నిజంగా సంతోషం వేసింది. లేచి వాడి చెయ్యి పట్టుకుని ఊపారు. రైల్లో వాడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మన స్టేషను వచ్చే ముందు, "అయితే ఇప్పుడు వాళ్ళు చావనైనా చావలేదన్నమాట అక్కా" అన్నాడు. అంతే అన్నాడు.

ఊళ్ళో అందరూ వచ్చి పలకరించారు. ఎండ దిగిపోయిందని సంతోషించారు. బార్టుస్ వాడిని సారా కొట్టుకు తీసుకెళ్ళి, "చెప్పు బావా, అచేలో ఎన్ని పులుల్ని కొట్టావు?" అని అడిగాడట. నేనెప్పుడూ పులిని చూడలేదు అన్నాడట. అది నిజమే కాని ఎవరికీ నచ్చలేదు. రెండో వారం వాడి కథలో ఒక పులి వచ్చింది. మూడో వారం రెండు వచ్చాయి. "మీ తమ్ముడు పూర్తిగా మనిషయ్యాడు వదినా!" అని బార్టుస్ నాతో అన్నాడు.

క్రిస్మస్‌కు ముందు మళ్ళీ ప్రభు భోజనం. రూలోఫ్ బాబాయి ఇంటింటికీ తిరుగుతూ మన ఇంటికీ వచ్చాడు. ఎప్పటిలాగే అడిగాడు: "ఎవర్ట్, ప్రభువు బల్ల దగ్గరికి రావడానికి అడ్డేమైనా ఉందా బాబూ?"

"ఉంది," అన్నాడు. "అబద్ధం చెప్పాను."

"ఎవరికి?"

"డాక్టరు గారికి."

బాబాయి కప్పు పక్కకు జరిపాడు. కోప్పడలేదు, బతిమాలినట్టు మాట్లాడాడు. "ఆ దారి మళ్ళీ తొక్కకు నాయనా. మీ అక్క మొహం చూడు. అక్కడ మీ తమ్ముడికి పతకం వచ్చింది, ఆ పిల్లాడి మొహం చూడు. ఇంకోసారి అడుగుతాను. అడ్డేమైనా ఉందా?"

ఎవర్ట్ నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. "అడ్డేమీ లేదండీ," అన్నాడు.

తెల్లవారేసరికి వాడి మంచం ఖాళీగా ఉంది. మంచులో, ఆ మైదానమంతా దాటుకుని ఆసుపత్రికి నడిచి వెళ్ళాడు. ఫొక్కె నాకు తర్వాత చెప్పాడు. "గేటు కొడుతున్న చప్పుడైతే ఎవడో పాలవాడనుకున్నా అక్కగారూ. చూస్తే మనవాడు. మీసాలు గడ్డకట్టి ఉన్నాయి. తలుపు లోపలినుంచి కొట్టేవాళ్ళని రోజూ చూస్తాను. బయటినుంచి కొట్టినవాణ్ణి నా ఉద్యోగంలో చూడలేదు. 'నీకు నయమైంది కదరా, ఎందుకొచ్చావ్?' అన్నా. 'ఇక్కడైతే పొద్దున్నే లేచి అది జరిగిందని చెప్పుకోవచ్చు ఫొక్కె. మీరెవరూ నమ్మరు. కాని నా నోరు ముయ్యరు' అన్నాడు. సూప్ ఇచ్చి లోపల పెట్టా. ఇంకేం చెయ్యను?"

డాక్టరు గారు జబ్బు తిరగబెట్టిందని రాసుకున్నారు. ఈసారి వాడి నోటి మాటతో వదలడానికి వీల్లేదన్నారు. "అక్కడ ఉన్న మనిషి, సార్జెంటు గారి మాట నా దగ్గరుంది కదండీ" అన్నారు.

ఇదీ నీ ప్రశ్నకు జవాబు. మానలేదు. మానడు. నాకు నీ ఉత్తరం అందిన రోజున నేను వాడిని చూసి వచ్చాను. కుడికాలి వేళ్ళు రెండు చలికి పోయాయి. మిగతా అంతా కుదురుగానే ఉన్నాడు. నిన్ను అడిగినట్టు రాయమన్నాడు.

ఇప్పుడు ఇంతవరకూ ఆపిన సంగతి రాస్తాను. మొదటే రాసి ఉంటే మిగతాది చదివేవాడివి కాదు.

పది రోజుల క్రితం ఆదివారం మళ్ళీ సిద్ధపాటు ప్రార్థన జరిగింది. ఒక జంట నిలబడింది, ఏడవ ఆజ్ఞకు. పాస్టరు గారు ప్రార్థించారు. వాళ్ళు కూర్చున్నారు. అప్పుడు నేను లేచి నిలబడ్డాను.

ఈసారి ఎవరూ కుర్రాళ్ళ బెంచీ వైపు చూడలేదు. నా వయసు అలాంటిది.

"ఆరవ ఆజ్ఞ" అన్నాను. "నా తమ్ముడు ఎవర్ట్ చంపాడు. నా తమ్ముడు లుబ్బర్ట్ చంపమన్నాడు. చంపినవాడు ఒప్పుకుంటే పిచ్చివాడన్నాం. చంపమన్నవాడికి బాజాలు పెడుతున్నాం. అచేలో ఆ గెలుపు కబురు పేపర్లో వచ్చిన వారం ఇక్కడే స్తోత్రకీర్తన పాడాం. అందరం పాడాం. ఒకరినొకరం క్షమించుకోలేం. దేవుడు క్షమించాలి." ఇంతే మాటలు. నా జన్మలో గుళ్ళో ఇన్ని మాటలు మాట్లాడలేదు.

పాస్టరు గారు నా దగ్గరికి వచ్చారు. "సహోదరి గెసీనా, మీకు నిద్ర పడుతోందా?" అని అడిగారు.

"పడుతోందండీ."

"ఆకలి?"

"వేస్తోందండీ."

"మరి..." అని, తిరిగి పీఠం వైపు నడిచారు. మంచి మనిషి ఆయన కూడా. ఈ కథలో అందరూ మంచివాళ్ళే లుబ్బర్ట్. అదే నాకు అరగడం లేదు.

ఆ వారం నా ఇంటికి గంజి పెట్టడానికి ఒక్క టోపీ రాలేదు. పక్క ఊరికి పంపుకుంటున్నారట. బార్టుస్ వచ్చి గుమ్మంలోనే నిలబడి, "వదినా, మరి బాజాల సంగతి ఏమవుతుంది? మేయరు గారికి మాటిచ్చేశాం" అన్నాడు. వెనకే వచ్చిన యన్నా వాడిని బయటికి నెట్టి తలుపేసింది. నా ఎదురుగా కూర్చుని, "నిజమేనా అక్కా?" అని అడిగింది. "నిజమే" అన్నాను. కాసేపు ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, "నిజమైతే మాత్రం ఎందుకు చెప్పావు?" అంది.

నిన్న రూలోఫ్ బాబాయి వచ్చాడు. కాఫీ వద్దన్నాడు. నన్ను చూసి ఆయనకు నిజంగానే బాధగా ఉంది. "చెయ్యని పాపం ఒప్పుకున్నవాడినే డాక్టరుకు చూపించాం అమ్మాయ్. ఇప్పుడు నువ్వు వేరేవాళ్ళు చెయ్యని పాపం ఒప్పుకున్నావు. ఇది మీ రక్తంలోనే ఉందేమోనని మా భయం" అన్నాడు. శుక్రవారం డాక్టరు గారు నన్ను చూడటానికి ఇక్కడికే వస్తున్నారు. నేను చెప్పింది మళ్ళీ చెప్పమంటారు. నేను చెబుతాను. జ్వరమని అనను. ఆడవాళ్ళ వార్డు తోటకు అవతల ఉంది. ఎవర్ట్ పనిచేసే చోటు నుంచి దాని కిటికీలు కనిపిస్తాయి. నన్ను అందులో చేర్చడానికి బార్టుస్ సంతకం పెడితే చాలు. పెడతాడు, ఏడుస్తూ పెడతాడు.

అయితే డాక్టరు గారు తొందరపడే మనిషి కాదు. ముందు అక్కడ ఉన్న మనిషిని ఇంకోసారి విచారిస్తానని బాబాయితో అన్నారట. కాబట్టి ఆయన ఉత్తరం, నా ఉత్తరం ఒకే ఓడలో నీకు చేరతాయి. ఆయన అడిగేది పోయినసారి అడిగిన ప్రశ్నే. ఆ ఊరిలో ఏం జరిగింది అని. పోయినసారి నీ జవాబుతో మీ అన్న లోపల ఉండిపోయాడు. ఈసారి నీ జవాబులో మేమిద్దరం ఉన్నాం.

ఫలానాలా రాయమని నేను నిన్ను అడగను. బతిమాలను. నిజం రాస్తే నీ పతకం ఏమవుతుందో, నిన్ను ఏం చేస్తారో నాకు తెలియదు. నువ్వు భయపడతావని తెలుసు. ఎవర్ట్ నీ పేరు దాచాడు, నేను చెప్పాను. అందుకు నన్ను తిట్టుకో. నీ మీద ప్రేమ లేక చెప్పలేదు. ఇద్దరు తమ్ముళ్ళలో ఒకడు నిజం చెప్పి లోపల ఉంటే, రెండోవాడు అబద్ధం చెప్పి బయట ఉంటే, ఇద్దరికీ కలిపి ఒక్క ప్రార్థన ఎలా చెయ్యాలో నాకు తెలియలేదు. చాలా ప్రయత్నించాను.

వేసవిలో వస్తే ఇంటి తాళం యన్నా దగ్గర ఉంటుంది. పెయ్యను అమ్మనివ్వకు, పాలు బాగా ఇస్తుంది.

నాకు జవాబు రాయనక్కర్లేదు. డాక్టరు గారికి రాయి.

ఇట్లు,
నీ చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించిన
పెద్దక్క గెసీనా